ఊపిరి తీసుకున్న చోటు

పోయినవారం హేజెల్ మొరాన్‌ని స్టూడియో గేటు దగ్గర వదిలిపెట్టాం. తన జీవితం మీదే సినిమా తీస్తుంటే తననే లోపలికి రానివ్వనంటున్న గేటు మనిషితో ఆమె వాదిస్తోంది. వెనక నిలబడ్డ పియానిస్టు ఏబ్ ఫింకెల్ నవ్వు ఆపుకోలేక టోపీని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

న్యూయార్క్ రంగస్థలం మీద ముప్పై ఏళ్ళు పాడిన హేజెల్, ఒకే ఒక్క షరతు మీద తన కథను స్టూడియోకి ఇచ్చింది. సినిమాలో పాటలన్నీ తన గొంతుతోనే ఉండాలి. నెల కిందట వచ్చి అన్నీ పాడి వెళ్ళింది. తెర మీద పెదవులు కదిపేది మాత్రం డయాన్ వెస్కాట్ అనే కుర్ర నటి.

ఆ రోజు తీస్తున్నది కథకంతటికీ ఆయువుపట్టు లాంటి ఘట్టం. 1918లో విషజ్వరం ఊళ్ళకు ఊళ్ళనే ఊడ్చేస్తున్న రోజులు. సెయింట్ లూయిస్‌లో థియేటర్లు మూసేశారు. జ్వరంతో పడి ఉన్న అక్క కోరాను అక్కడి ఆసుపత్రిలో వదిలి, బృందం ఇంకా తలుపులు తెరిచి ఉన్న మరో ఊరికి కదిలింది. వెనక్కి వెళ్ళి వచ్చిన మేనేజరు లియో, టోపీ చేత్తో పట్టుకుని, కోరా ఇక లేదని చెప్పాడు. ఆ సాయంత్రమే పందొమ్మిదేళ్ళ హేజెల్ ఒంటరిగా వేదిక ఎక్కి, ఇద్దరూ కలిసి పాడే పాటను ఒక్కతే పాడింది. ఆ తర్వాత సమాధి దగ్గర లియో కార్చిన కన్నీళ్ళు చూసే అతన్ని పెళ్ళి చేసుకున్నానని ఆమె సినిమా రచయితలకు చెప్పింది. లియో పోయి ఇప్పటికి నాలుగేళ్ళు.

గేటు మనిషి చివరికి మెత్తబడ్డాడు. "మా అమ్మ మీ పాటలే పాడుకునేదమ్మా" అంటూ పక్కకి తప్పుకున్నాడు.

లోపల సెట్ చల్లగా ఉంది. పచ్చి రంగు వాసన, దాని వెనకే కాలిన దుమ్ము వాసన. పాతకాలపు థియేటర్ వేదికనీ, దాని పక్కన నటులు వేచి ఉండే చోటునీ మొత్తం కట్టేశారు. తాళ్ళు, ఇసుక బస్తాలు, చిరుగు కుట్టిన మఖమల్ తెర అన్నీ ఉన్నాయి. హేజెల్ కాసేపు అలా నిలబడిపోయింది. దుస్తులు చూసే ఆవిడెవరో అడగకుండానే ఒక కుర్చీ తెచ్చి వేసింది. పైన నిచ్చెన మీదున్న లైట్ల మనిషి, ఆమె కళ్ళలో పడుతున్న దీపాన్ని మాట్లాడకుండా కొద్దిగా పక్కకి తిప్పాడు.

"చూశావా ఏబ్, మర్యాద తెలిసిన మనుషులు" అంది హేజెల్.

"మర్యాద కాదు, భయం. గేటు దగ్గర నీ అరుపులు ఇక్కడిదాకా వినిపించి ఉంటాయి."

అప్పుడే డయాన్ పరుగున వచ్చింది. మేకప్ బట్టలకి అంటకుండా మెడ చుట్టూ పల్చటి కాగితాలు దోపుకుని ఉంది.

"మేడమ్! దేవుడు పంపినట్టే వచ్చారు. ఒక్క చోట మీరు నా ప్రాణం తీస్తున్నారు!"

"నేనా? నిన్ను చూడ్డం ఇది రెండోసారి. అప్పుడే ప్రాణాలు తీయడం మొదలెట్టానా?"

"ఊపిరి మేడమ్. అద్దం ముందు రికార్డు పెట్టుకుని రోజూ సాధన చేస్తున్నా. పెదవులు కలిస్తే సరిపోదు కదా, మీరు ఊపిరి తీసుకునే చోట నా ఛాతీ కూడా లేవాలి. లేకపోతే కెమెరా పట్టేస్తుంది. అన్నీ కుదిరాయి, ఆ ఒక్కటి తప్ప. 'చీకటి పడితే ఇంటికి' అని ఆగి, ఊపిరి తీసుకుని, అప్పుడు 'రా' అంటారు. ఎవరైనా ఆ వరుస ఒక్క ఊపిరిలో అనేస్తారు. అక్కడెందుకు ఆగుతారు మేడమ్?"

హేజెల్ నవ్వింది. "నేనక్కడ ఆగనమ్మాయ్. ఆ అలవాటు మాన్పించడానికి న్యూయార్క్‌లో మా మేష్టారు చుట్ట చుట్టిన పేపరుతో నా డొక్కలో పొడిచేవాడు. మాన్పించే వదిలాడు. నువ్వు సరిగ్గా వినలేదు."

"రోజూ వింటున్నా మేడమ్" అంది డయాన్ నెమ్మదిగా. "అది ఉంది."

ఏబ్ నవ్వు ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా హేజెల్ పాటకి పియానో వాయిస్తున్నవాడు. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అతని వేళ్ళకి తెలుసు. అక్కడ తీసుకోదు.

సంగీత దర్శకుడు రాల్ఫ్ ఎమెరీ మెట్లు దిగి వస్తూ హేజెల్‌ని చూశాడు. చూసి, మెట్టు మధ్యలోనే ఆగిపోయాడు. ఆ తర్వాత పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ వచ్చాడు.

"హేజెల్ గారూ! చెప్పకుండా వచ్చేశారే! పదండి, ముందు మంచి కాఫీ తాగుదాం. ఇక్కడ చలి, మీ గొంతుకి పడదు."

"నా గొంతు ఎలాగూ మీ రికార్డుల డబ్బాలో భద్రంగా ఉందిగా రాల్ఫ్. ఇంకా చలికేం భయం?"

"అయినా సరే, రండి..."

గంట మోగింది. ఎర్రదీపం వెలిగింది. బరువైన తలుపులు మూసుకున్నాయి. ఇక ఆ దీపం ఆరేవరకు ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు. రాల్ఫ్ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది.

డయాన్ మెడలోని కాగితాలు తీసేసి వెలుగులోకి నడిచింది. దర్శకుడు తల ఊపాడు. స్పీకర్లలోంచి ఫిడేళ్ళు, వాటి వెనక క్లారినెట్, ఆ తర్వాత గొంతు.

మొదటి వరుసకి హేజెల్ ముఖం వెలిగిపోయింది. ఎంత తేటగా ఉంది! ఈ సినిమావాళ్ళు మాయగాళ్ళే, నా గొంతు మీది దుమ్మంతా కడిగేశారు అనుకుంది. రెండో వరుసకి ఆ వెలుగు తగ్గింది. పై స్వరాల్లో తన గొంతు కొద్దిగా జీరపోతుంది. అది ఎన్నో ఏళ్ళుగా ఉంది, దాన్నే జనం ప్రేమించారు. ఈ గొంతులో ఆ జీర లేదు. కడిగితే పోయేది కాదది.

ఇది నేను కాదు.

అరవాలనిపించింది. కానీ ఎదురుగా ఒక పిల్ల వెలుగులో నిలబడి పాడుతోంది, పాడుతున్నట్టు నటిస్తోంది. ఎంత కోపం వచ్చినా ఇంకొకరి పాటను పాడుచేసే అలవాటు హేజెల్‌కి ఏనాడూ లేదు. చేతి తొడుగును పళ్ళ మధ్య కరిచిపట్టుకుంది. చుట్టూ చూసింది. దుస్తులావిడ తల దించుకుంది. పైనున్న లైట్ల మనిషి ఎటో చూస్తున్నాడు. రాల్ఫ్ కళ్ళు మూసుకున్నాడు. అందరికీ తెలుసు. తనొక్కదానికే తెలియదు.

"కిటికీలో దీపం పెట్టే ఉంచాను, చీకటి పడితే ఇంటికి..."

గొంతు ఆగింది. చిన్న ఊపిరి. స్పష్టంగా, దాచుకోకుండా తీసుకున్న ఊపిరి.

"...రా."

హేజెల్ పళ్ళ మధ్య నుంచి తొడుగు జారి ఒళ్ళో పడింది.

స్క్రాంటన్‌లో వాళ్ళ ఇల్లు కొండ మీద ఉండేది. గని పక్కన పోసిన బూడిదకుప్పల్లో బొగ్గు ఏరుకుని, అమ్మా ఇద్దరు కూతుళ్ళూ బకెట్లతో ఆ కొండ ఎక్కేవాళ్ళు. బరువు తెలియకుండా అమ్మే ఆ పాట కట్టింది. దారి మలుపు తిరిగే చోట బకెట్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోవాలి. సరిగ్గా అక్కడే ఊపిరి. పాట అలా నేర్చుకున్నారు, పాటతో పాటు ఊపిరినీ అలాగే నేర్చుకున్నారు. అమ్మ పోయింది. హేజెల్ మానేసింది. అక్కడ ఊపిరి తీసుకునే మనిషి ఇంకొక్కతే ఉండేది. ఆమె సెయింట్ లూయిస్ మట్టిలో పడుకుని ఉంది.

ఎర్రదీపం ఆరింది. తలుపులు తెరుచుకున్నాయి.

"హేజెల్" అన్నాడు ఏబ్, ఆమె మోచెయ్యి పట్టుకుని. "ఇంటికి పోదాం తల్లీ. లాయరుతో మాట్లాడదాం."

ఆమె లేచి, తిన్నగా రాల్ఫ్ వైపు నడిచింది.

*

రికార్డింగ్ గదిలో గోడలకి మెత్తటి దళసరి గుడ్డ కొట్టి ఉంది. అద్దం వెనక నుంచి సెట్ కనిపిస్తోంది. అక్కడి మైకు తెరిచే ఉందేమో, మూలనున్న స్పీకర్‌లోంచి అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

"మీకు ఎలాగైనా చెప్పాలనే అనుకున్నాం" అన్నాడు రాల్ఫ్. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "హేజెల్ గారూ, మీది గొప్ప గొంతు. కానీ అది యాభై దాటిన గొంతు. తెర మీదున్నది పందొమ్మిదేళ్ళ పిల్ల. రెండూ కలిపి కొంతమందికి వేసి చూపించాం. వాళ్ళు..."

"ఏం చేశారు?"

"నవ్వారు."

ఏబ్ ఒక అడుగు ముందుకేశాడు. "మాట ఇచ్చి తప్పినవాడివి, ఇంకా నవ్వారని చెప్తున్నావా? సిగ్గుందా నీకు? ఆవిడ పాడుతుంటే నిలబడి చప్పట్లు కొట్టినవాడివే కదా నువ్వూ!"

"ఇప్పటికీ నిలబడతాను. కానీ సినిమా నా చేతిలో లేదు."

మరో రోజైతే ఆ నవ్వు మాటకి హేజెల్ కుప్పకూలిపోయేది. ఆ రోజు అది చెవి పక్కనుంచి వెళ్ళిపోయింది.

"ఊరుకో ఏబ్. రాల్ఫ్, నేనడిగేది అది కాదు. పాడిందెవరు?"

"పేరు బయటికి చెప్పకూడదు. ఇంకొకరికి గొంతిచ్చే పిల్లలు నోరు విప్పకూడదనేది ఇక్కడి పద్ధతి..."

"ఆ ఊపిరి అక్కడ తీసుకోమని నువ్వు చెప్పావా?"

రాల్ఫ్ తెల్లబోయాడు. కోపం కోసం సిద్ధపడ్డ మనిషికి ఈ ప్రశ్న అందలేదు. "నేనా? నేను వద్దని మొత్తుకున్నాను. బంగారంలాంటి పిల్ల, ఏం చెప్పినా వింటుంది. అక్కడ మాత్రం మొండికేసింది. ఎన్నిసార్లు పాడించినా అక్కడే ఆగింది. చివరికి బాగానే ఉందిలే, ఏడుపు ఆపుకుంటున్నట్టుందని వదిలేశాను."

"పిలు."

"హేజెల్ గారూ, ఆ పిల్ల తప్పేం లేదు. ఉద్యోగం..."

"దాని ఉద్యోగం జోలికి నేను రాను. పిలు రాల్ఫ్."

పక్క గదిలోంచి వచ్చిన అమ్మాయి ఉన్ని కోటు గుండీలు పైదాకా పెట్టుకుని ఉంది. పాతికేళ్ళుంటాయి. హేజెల్‌ని చూడగానే తలుపు దగ్గరే నిలబడిపోయింది, ఎప్పటినుంచో ఈ క్షణం కోసం భయపడుతూ ఎదురుచూసినట్టు.

"నీ పేరేంటమ్మా?"

"డీలియా. డీలియా బ్రాండ్. మా అమ్మమ్మ పేరు పెట్టారు."

హేజెల్ కుర్చీ కోసం చెయ్యి చాచింది. ఏబ్ దాన్ని ఆమె కిందికి జరిపాడు. డీలియా మొరాన్, బొగ్గు బకెట్‌తో కొండ ఎక్కిన అమ్మ పేరు.

"పాట ఎవరు నేర్పారు నీకు?"

"అమ్మ."

"ఎప్పుడు?"

"చిన్నప్పుడే. పాసడేనాలో మా ఇంటి మెట్లెక్కుతూ. సరుకుల సంచి చెయ్యి మార్చుకునే చోట ఊపిరి తీసుకోవాలనేది." అమ్మాయి తలుపు వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. "ఈ సినిమాకి నన్ను తీసుకున్నారని చెబితే అమ్మ చేతిలో పని పక్కన పెట్టేసింది. తర్వాత, పాడు, బాగా పాడు, కానీ ఆ ఒక్క ఊపిరి మాత్రం వదలకు అంది. దానికి వినిపిస్తే తెలుస్తుంది, తెలియకపోతే నిజంగానే మర్చిపోయిందని అర్థం అంది."

అంతలో మూలనున్న స్పీకర్‌లో అడుగుల చప్పుడు ఆగి, లియో వేషం వేసిన నటుడి గొంతు మృదువుగా వినిపించింది.

"ధైర్యంగా ఉండు హేజెల్. కోరా ఇక లేదు."

రాల్ఫ్ ఒక్క ఉదుటున వెళ్ళి మీట నొక్కేశాడు.

"అమ్మ బతికే ఉందండీ" అంది డీలియా.

హేజెల్ అద్దంలోంచి చూస్తోంది. అక్కడ ఆ అందగాడు టోపీని చేతుల్లో తిప్పుతూ మళ్ళీ మళ్ళీ అదే మాట సాధన చేస్తున్నాడు. శబ్దం లేదు, పెదవులు కదులుతున్నాయి. లియో కూడా టోపీని అలాగే తిప్పాడు. అలాగే తిప్పాడని రచయితలకు చెప్పింది తనే.

"మరి ఇన్నేళ్ళూ..." అంది.

"జ్వరం తగ్గాక లియో గారు ఆసుపత్రికి వచ్చారట. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, ఇక స్టేజీ కుదరదన్నారట. హేజెల్ ఒక్కతే పాడాలని నిర్ణయించుకుంది, జబ్బుమనిషిని వెంటేసుకు తిరగలేనంటోంది, నువ్వు దాని దారికి అడ్డు రాకు అన్నారట. అమ్మకి అభిమానం ఎక్కువ. ఆ తర్వాత పేపర్లో, నాకొక అక్క ఉండేది, చనిపోయింది అని మీరన్న మాట చదివింది. తన మనసులో నేను చచ్చిపోయానని అలా చెప్పింది కాబోలు అనుకుంది. అప్పటినుంచి మీ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. పాట మాత్రం ఉండేది."

"నేనెప్పుడూ... నేనలా అనలేదు. నేను వదిలెయ్యలేదు డీలియా."

"తెలుసండీ. ఇప్పుడు తెలుసు." ఆ అమ్మాయి కోటు గుండీ ఒకటి తీసి మళ్ళీ పెట్టుకుంది. "పోయినవారం వడ్రంగి షెడ్డు పక్కనుంచి వెళ్తుంటే ఒక సమాధి రాయికి రంగు వేస్తున్నారు. దాని మీద మా అమ్మ పేరుంది. ఇదేంటని అడిగితే, మీరిచ్చిన ఫోటో చూసి చేస్తున్నామన్నారు. నిజంగానే అలాంటి రాయి ఒకటుందన్నారు. ఏటా మీరు పూలు పంపిస్తారని కూడా చెప్పారు. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. పొయ్యి మీద సూపు మాడిపోయేదాకా అలాగే నిలబడిపోయింది."

ఏబ్ జేబురుమాలు తీసి హేజెల్ ఒళ్ళో పెట్టాడు. ఆమె దాన్ని చూడనేలేదు.

"ఎక్కడుంది?"

"బయటే. కార్లో. ఆ రాయిని తన కళ్ళతో చూస్తానని నాతో వచ్చింది, మీరొచ్చారని తెలిశాక నేను పిలిచేదాకా లోపలికి రానంది. గేటు మనిషి గద్దించినా కదల్లేదు."

"మొరాన్ల రక్తమే" అన్నాడు ఏబ్, ఎవరికీ వినపడనంత మెల్లగా.

*

వడ్రంగి షెడ్డు నీడలో పాత నీలం కారు ఉంది. రంపపు పొట్టు గాలికి లేచి దాని అద్దాల మీద పడుతోంది. ఏబ్, డీలియా వెనకే ఆగిపోయారు. హేజెల్ ఒక్కతే నడిచింది.

కారు కిటికీ అద్దం కిందికి దిగింది. లోపల నెరిసిన జుట్టు, గోధుమరంగు టోపీ, ఆ టోపీ కింద అమ్మ కళ్ళు.



"లావయ్యావు" అంది కోరా.

హేజెల్ నోటి నుంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి అక్క చెంపను తాకింది. "వెచ్చగా ఉన్నావు" అంది, పిచ్చిదానిలా.

"బతికున్నవాళ్ళు వెచ్చగానే ఉంటారే పిచ్చుకా."

ఆ పేరుతో పిలిచే మనిషి ఉండగా తను ఇన్నేళ్ళు ఒంటరిగా బతికింది. హేజెల్ కారు తలుపు మీదికి వాలిపోయింది. కోరా చెయ్యి ఆమె టోపీ మీదుగా మెడ మీదికి వచ్చి అక్కడే ఉండిపోయింది. కాయలు కాసిన, పని తెలిసిన చెయ్యి.

"విన్నావన్నమాట" అంది కోరా. "ఆ ఊపిరి."

"విన్నాను."

"వినకపోయుంటే కారు తిప్పుకుని వెళ్ళిపోయేదాన్ని."

"తెలుసు. నువ్వు వెళ్ళిపోయేదానివే." హేజెల్ తల ఎత్తింది. "అక్కా, లియో ఎందుకలా చేశాడు? ఒక్కతే పాడితే నాకు మేలనా? తనకి మేలనా?"

"అది నిన్నటిదాకా నా ప్రశ్న. ఇప్పుడు నా బుర్ర దొలిచేస్తున్నది ఇంకొకటి." కోరా గొంతు తగ్గించింది. "ఆ రాయి దగ్గరికి నిన్ను తీసుకెళ్ళాడు కదా. ఏం చూశావో గుర్తు తెచ్చుకో. రాయి ఒక్కటే ఉందా?"

"లేదు. అప్పుడే పూడ్చినట్టుంది. పచ్చిమట్టి. నా బూట్లకంతా అంటుకుంది."

"అంటే నా పేరు చెక్కి, దాని కింద ఎవరినో పెట్టారు."

రంపం చప్పుడు ఆగిపోయింది. షెడ్డు లోపల ఎవరో ఈల వేస్తున్నారు. తలుపు పక్కన గోడకి ఆనించి, ఎండలో ఆరుతూ, కొయ్యతో చేసిన ఆ సమాధి రాయి ఉంది. కోరా మొరాన్ అనే అక్షరాల మీద ఆఖరి పూత రంగు ఇంకా తడిగానే మెరుస్తోంది.

హేజెల్‌కి ఆ రోజు కళ్ళకు కట్టింది. సన్నటి వాన, తలలు దించుకున్న చెట్లు, బురదలో మోకాళ్ళ మీద కూలబడ్డ లియో. కోరాతో పట్టుమని నాలుగు మాటలు మాట్లాడి ఎరుగడు. అయినా గుండె పగిలేలా ఏడ్చాడు. లేవదీయబోతే లేవలేదు, మట్టిని అరచేతులతో నిమురుతూ ఉండిపోయాడు. ముప్పై ఏళ్ళు రంగస్థలం మీద బతికిన మనిషి హేజెల్. నటన ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

ఆ ఏడుపు నటన కాదు.

"అక్కా" అంది, కారు తలుపును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని. "అక్కడ లియో ఏడ్చాడు. నిజంగా ఏడ్చాడు. నీ కోసం కాకపోతే, ఎవరి కోసం?"